సికింద్రాబాదులో అనుకోని అతిథుల అల్పాహారాలు

అనుకోని అతిథుల అల్పాహారాలు అనగా ముందుగా కబురు చేయకుండా ఇంటికి వచ్చిన బంధుమిత్రులకు, ఇంట్లో ఉన్న సరుకులతోనే పావుగంట మొదలు అరగంట లోపల సిద్ధం చేసి పెట్టే తినుబండారాలు. పకోడీ, బజ్జీ, ఉప్మా, అటుకుల పులిహోర, పునుగులు, మరమరాల మసాలా వంటివి ఈ కోవలోనివి. ఇవి తెలుగునాట అన్ని చోట్లా ఉన్నవే అయినా, తెలుగు, తమిళ, ఉర్దూ, మరాఠీ, మార్వాడీ కుటుంబాలు ఇరుగు పొరుగున నివసించే సికింద్రాబాదులో వీటి వైవిధ్యం ఎక్కువ.

"అతిథి" అనే సంస్కృత పదానికి తిథి నియమం లేకుండా వచ్చేవాడు అని సంప్రదాయ వ్యాఖ్యాతలు అర్థం చెబుతారు. ఆ లెక్కన చెప్పకుండా వచ్చినవాడే అసలైన అతిథి. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి చదువు ముగించుకొని వెళ్ళే శిష్యునికి చేసే ఉపదేశంలో తల్లి, తండ్రి, గురువుల తరువాత అతిథిని కూడా దైవముగా భావించమంటుంది. అయితే ఆ దైవము సాయంత్రం ఐదున్నరకు నలుగురు పిల్లలతో తలుపు తట్టినపుడు ఏమి పెట్టాలన్నది మాత్రం ఇంటివారే తేల్చుకోవలసిన విషయం.

నేపథ్యం

1798 నాటి సైన్య సహకార ఒడంబడిక ప్రకారం నిజాము రాజ్యంలో ఉంచిన బ్రిటిషు సేనలు హుస్సేన్ సాగరుకు ఉత్తరాన విడిది చేశాయి. ఆ విడిదికి 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు అని పేరు వచ్చింది. ఇప్పటికీ పాతకాలపువారు ఈ ప్రాంతాన్ని లష్కర్ అంటారు. సైన్యంతో పాటు మద్రాసు వైపు నుండి తమిళ కుటుంబాలు, వ్యాపారం కోసం మార్వాడీలు, గుజరాతీలు, పార్సీలు వచ్చి స్థిరపడ్డారు. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు మార్గం తెరిచారు. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, దాని ప్రధాన కార్యాలయం ఇక్కడ నెలకొన్నది.

రైలు జంక్షను ఉన్న ఊరిలో చెప్పకుండా వచ్చే చుట్టాలు ఎక్కువగా ఉండటం సహజం. ఒక బండి దిగి మరొక బండి ఎక్కేలోగా దొరికిన నాలుగు గంటలలో "ఒకసారి చూసి పోదామని" వచ్చేవారు, ఆసుపత్రి పనిమీదనో పెండ్లిబట్టల కొనుగోలుకు జనరల్ బజారుకో వచ్చి దగ్గరలో ఉన్న బంధువుల ఇంట కాసేపు కూర్చునేవారు ఇందులో ముఖ్యులు. 1990ల ముందు ఫోను కొద్ది ఇళ్లలోనే ఉండేది. ఉత్తరం రాసి వచ్చిన సందర్భంలో కూడా మనిషి ముందు, ఉత్తరం వెనుక చేరటం కద్దు. ఆషాఢమాసంలో ఉజ్జయిని మహంకాళి ఆలయంలో జరిగే లష్కర్ బోనాల నాడు గుడి చుట్టుపక్కల వీధులలో ఉన్న ఇళ్లకు వచ్చేవారి సంఖ్యను ముందుగా ఊహించటం ఎవరి తరమూ కాదు.

పాశ్చాత్య భోజనంలో ముందుగా వడ్డించే "స్టార్టరు" అనే భావన తెలుగువారి ఇంటి భోజనంలో లేదు. పప్పు, కూర, పులుసు, పెరుగు ఒకే విస్తరిలో సాగిపోతాయి. హైదరాబాదీ ముస్లిముల విందులలో మాత్రం భోజనానికి ముందు లుఖ్మీ పెట్టే ఆచారం ఉన్నది. ఇది మైదాపిండితో చేసి, లోపల ఖీమా కూరి, నలుచదరంగా మడిచి వేయించే ఒక రకం సమోసా. ముద్ద అనే అర్థం గల లుఖ్మా అనే మాట నుండి దీనికి ఆ పేరు వచ్చింది. కానీ అది తీరికగా చేసే వంటకం, అనుకోని అతిథికి పనికిరాదు. తెలుగు ఇళ్లలో వచ్చినవారికి మొదట మంచినీళ్లు, తరువాత కాఫీ లేదా టీ, దానితోపాటు కారంగా ఏదో ఒకటి ఇచ్చి, అంతలో భోజనం సంగతి ఆలోచిస్తారు. ఆ "ఏదో ఒకటి" ఈ వ్యాసానికి విషయం.

పకోడీ

అనుకోని అతిథికి చేసే వాటిలో మొదటి స్థానం ఉల్లిపాయ పకోడీదే. శనగపిండి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి లేని వంటిల్లు అరుదు కావటం ఇందుకు ఒక కారణం. పిండి నానబెట్టటం, రుబ్బటం, పులియబెట్టటం వంటి పనులేవీ లేకపోవటం రెండవది. పొయ్యి వెలిగించిన ఇరవై నిమిషాలలో మొదటి వాయి పళ్లెంలోకి వస్తుంది. మూడవది వాసన. వీధి గదిలో కూర్చున్న అతిథికి తనకోసం ఏదో వేగుతున్నదని చెప్పకనే తెలుస్తుంది కనుక, ఆలస్యమైనా నొచ్చుకోడు.

నలుగురికి సుమారు 200 గ్రాముల శనగపిండి, 50 గ్రాముల బియ్యప్పిండి, మూడు పెద్ద ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిరపకాయలు, చిన్న అల్లం ముక్క, రెండు రెబ్బల కరివేపాకు సరిపోతాయి. ఉల్లిపాయలను నిలువుగా సన్నగా తరిగి, ఉప్పు చల్లి, చేతితో గట్టిగా నలిపి ఐదు నిమిషాలు ఉంచాలి. ఉప్పు వలన ఉల్లిలోని నీరు బయటకు వస్తుంది. ఆ తడితోనే పిండి చాలావరకు కలిసిపోతుంది, పైన నీళ్లు చిలకరిస్తే చాలు. తొందరలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఉల్లి తరగగానే పిండి వేసి గ్లాసుడు నీళ్లు పోస్తారు. కాసేపటికి ఉల్లి తన నీరు తాను వదలటంతో పిండి జారైపోయి, పకోడీ గట్టిగా రాక మెత్తబడుతుంది. మళ్లీ పిండి కలిపితే ఉల్లి పాలు తగ్గి రుచి చెడుతుంది.

కరకరలాడటానికి బియ్యప్పిండి, రెండు చెంచాల కాగిన నూనె సరిపోతాయి. గట్టి పకోడీకి వంటసోడా వేయనవసరం లేదు. సోడా వేడికి బొగ్గుపులుసు వాయువును విడుదల చేసి పిండిని గుల్లగా చేస్తుంది గాని, మోతాదు కొంచెం మించినా నూనె పీల్చుకొని, సబ్బు వంటి రుచి వస్తుంది. మెత్తటి పకోడీకి మాత్రం చిటికెడు వేసుకోవచ్చు.

నూనె వేడి 170 నుండి 180 డిగ్రీల సెల్సియసు మధ్య ఉండాలి. ఇంట్లో దీనిని కొలవటానికి చిటికెడు పిండి వేసి చూస్తారు. అది అడుగుకు పోయి వెంటనే పైకి తేలితే నూనె సిద్ధమైనట్లు. అడుగునే ఉండిపోతే ఇంకా కాగాలి, వేసీ వేయగానే నల్లబడితే మంట తగ్గించాలి. పకోడీ వేగుతున్నపుడు లోపలి తడి ఆవిరిగా మారి బయటకు తన్నుకువస్తూ నూనెను లోనికి రానీయదు. అతిథులు ఎదురుచూస్తున్నారని మూకుడు నిండా ఒకేసారి వేస్తే నూనె చల్లబడి, ఆవిరి బలం తగ్గి, పకోడీలు నూనె తాగుతాయి. రెండు చిన్న వాయిలు ఒక పెద్ద వాయి కంటే త్వరగా అవుతాయని చేయి తిరిగినవారికి తెలుసు.

బజ్జీలు

సికింద్రాబాదు వీధుల బండ్ల మీద మిరపకాయ బజ్జీదే పెద్దపీట. కానీ ఇంట్లో బజ్జీ మిరపకాయలు ఎల్లవేళలా ఉండవు. అందుచేత అనుకోని వేళ చేసేవి ఆలుగడ్డ, అరటికాయ, వంకాయ, ఉల్లిచక్రాల బజ్జీలు. కుండీలో వామాకు మొక్క ఉన్న ఇంటివారికి ఈ చింత కూడా ఉండదు. దళసరిగా, నూగుతో ఉండే ఈ ఆకును కడిగి, తుడిచి, జారుగా కలిపిన శనగపిండిలో ముంచి వేయిస్తే వామాకు బజ్జీ తయారు. ఆకు మీద తడి ఉంటే పిండి పట్టదు, నూనె చిట్లుతుంది. వామాకు వాము మొక్క ఆకు కాదు. రెండింటి వాసన దగ్గరగా ఉండటం వలన ఆ పేరు వచ్చింది.

తమిళ కుటుంబాలలో బజ్జీతో కొబ్బరి చట్నీ తప్పనిసరి. తెలంగాణ ఇళ్లలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, నిమ్మచెక్కతో సరిపెడతారు. తొందరలో ఉన్నపుడు రెండవ పద్ధతే మేలు.

ఉప్మా

తెలుగువారి హాస్యంలో ఉప్మా పడినన్ని మాటలు మరే వంటకమూ పడలేదు. ఇంటికి వెళితే ఉప్మాతో సరిపెట్టారని చుట్టాలు ఎత్తిపొడుస్తారు, ఇంట్లో పిల్లలు ముఖం చిట్లిస్తారు. అయినా రాత్రి తొమ్మిది గంటలకు ఆకలితో వచ్చినవారికి పావుగంటలో వేడిగా, కడుపు నిండా పెట్టగలిగినది ఉప్మాయే. నూనె ఖర్చు తక్కువ, పంటికి కష్టం లేదు, పెద్దవారు కూడా తినగలరు. దీనికి వచ్చిన చెడ్డపేరు వంటకం వలన కాక, చేసే తీరు వలన వచ్చినదనే చెప్పాలి.

ఒక గ్లాసు బొంబాయి రవ్వకు రెండున్నర నుండి మూడు గ్లాసుల నీరు పడుతుంది. ఆవాలు, మినపప్పు, శనగపప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఉల్లిపాయలతో పోపు వేసి, నీరు పోసి, ఉప్పు వేసి మరగనివ్వాలి. నీరు తెర్లుతున్నపుడు ఒక చేత్తో రవ్వను సన్నని ధారగా పోస్తూ రెండవ చేత్తో కలపాలి. రవ్వను ఒక్కసారిగా కుమ్మరిస్తే ఉండల పై పొరలోని పిండిపదార్థము వెంటనే ఉబ్బి జిగురుగా మారి, నీటిని లోపలికి పోనీయదు. ఉండకట్టటానికి కారణం ఇదే. రవ్వను ముందే దోరగా వేయించి ఉంటే ఈ ప్రమాదం తగ్గుతుంది. చాలామంది సరుకులు తెచ్చిన రోజే రవ్వ అంతటినీ వేయించి డబ్బాలో పోసి పెడతారు. దీనివలన రవ్వ పురుగు పట్టకుండా నిలువ ఉండటమే కాక, అవసరమైన రోజున ఏడెనిమిది నిమిషాలు కలిసివస్తాయి. సేమియాకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది.

బియ్యపు రవ్వతో చేసే ఉప్పిండి దీనికంటే పాతది, రుచికరమైనది కూడా. అయితే సన్నని మంట మీద నిదానంగా మగ్గవలసినది కనుక తొందరకు ఒప్పుకోదు.

అటుకులు, మరమరాలు

పొయ్యి మీద పని అతి తక్కువగా ఉండేది అటుకులతో. నానబెట్టిన వడ్లను వేయించి, వేడి మీద దంచటం వలన అటుకులు తయారవుతాయి. అనగా బియ్యపుగింజ అప్పటికే సగం ఉడికినట్లు లెక్క. కనుకనే దళసరి అటుకులను నీటిలో ముంచి, జల్లిబుట్టలో వడకట్టి ఐదు నిమిషాలు ఉంచితే మెత్తబడతాయి. పోపులో పల్లీలు, ఎండుమిర్చి, పసుపు వేసి, అటుకులు కలిపి, దించాక నిమ్మరసం పిండితే అటుకుల పులిహోర అవుతుంది. ఉల్లిపాయ లేకుండా కుదురుతుంది కనుక శనివారమో, ఏకాదశో పాటిస్తూ ఉల్లి ముట్టనివారు వచ్చినపుడు దీనికి మించినది లేదు. పలుచని అటుకులు నీటిలో వేస్తే ముద్దయిపోతాయి. వాటిని పల్లీలు, పుట్నాలు, ఎండుకొబ్బరి ముక్కలతో వేయించి చుడువా చేసుకుంటారు. మహారాష్ట్రులు చివ్డా అనేది ఇదే.

మరమరాలను రాయలసీమలో బొరుగులు అంటారు. కర్నూలు, అనంతపురం వైపు వారు వీటిని తడిపి, పిండి, పోపులో వేసి ఉగ్గాని చేసి మిరపకాయ బజ్జీతో తింటారు. ఆ ప్రాంతం నుండి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడినవారి ఇళ్లలో అనుకోని అతిథికి ఇదే మొదటి మర్యాద. పొడిగా చేసే మసాలాకైతే మరమరాలు, పల్లీలు, తరిగిన ఉల్లి, టమాటా, కొత్తిమీర, కారం, నిమ్మరసం చాలు, పొయ్యి వెలిగించే పనే లేదు. అన్నీ తరిగి సిద్ధంగా ఉంచుకొని, అతిథి చేతికి ఇచ్చే ముందు మాత్రమే కలపాలి. మరమరం గాలిబుడగలతో నిండిన గింజ కనుక తడి తగిలిన కొద్ది నిమిషాలలోనే చల్లబడి మెత్తబడుతుంది.

పిండి నిలువ ఉన్నపుడు

ఇడ్లీ, దోశ పిండి పులియటానికి ఎనిమిది నుండి పన్నెండు గంటలు పడుతుంది. ఆ పని చేసేది సూక్ష్మజీవులు గనుక అతిథి వచ్చాడని అవి తొందరపడవు. అయితే శీతల యంత్రంలో పిండి మిగిలి ఉన్న ఇంట్లో సగం పని అయినట్లే. బాగా పులిసిన దోశపిండిలో కొంచెం బియ్యప్పిండి, ఉల్లి, జీలకర్ర, పచ్చిమిర్చి కలిపి చిన్న చిన్న ఉండలుగా నూనెలో వదిలితే పునుగులు. అదే పిండిని గుంతల పెనంలో పోస్తే గుంత పొంగనాలు. వీటికి నూనె చుక్కలతో సరిపోతుంది. జంటనగరాలలో గల్లీ దుకాణాలలో సైతం రుబ్బిన పిండి సంచులలో అమ్మటం మొదలైన తరువాత ఈ సౌకర్యం ఉద్యోగస్తుల ఇళ్లకు కూడా విస్తరించినది.

పిండి లేనివారికి రవ్వదోశ గతి. బొంబాయి రవ్వ, బియ్యప్పిండి, కొద్దిగా మైదా, మజ్జిగతో పలుచగా కలిపి పావుగంట నాననిస్తే చాలు. పులుపు మజ్జిగ నుండి వస్తుంది, పులియబెట్టే పని లేదు. ఇదే సూత్రం మీద రవ్వ ఇడ్లీ ఏర్పడింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బియ్యం కొరత వచ్చినపుడు తమ వంటశాలలో దీనిని కనిపెట్టినట్లు బెంగుళూరులోని ఎం.టి.ఆర్. వారు చెప్పుకుంటారు.

సర్వపిండి తెలంగాణకు ప్రత్యేకమైనది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు, ఉల్లి, కారం కలిపి, నూనె రాసిన గిన్నె అడుగున అద్ది, చేతివేళ్లతో చిల్లులు పెట్టి కాలుస్తారు. శనగపప్పు నానటానికి సమయం లేకపోతే వేడినీళ్లలో వేసి పెడితే పావుగంటలో పని జరుగుతుంది. ఒకటి కాలటానికి పది నిమిషాల పైన పడుతుంది గనుక ఇద్దరు ముగ్గురు అతిథుల వరకే ఇది అనువైనది.

డబ్బాలో ఉన్నవి

వండనవసరం లేకుండా పెట్టేవాటికి పండుగలే ఆధారం. సంక్రాంతికి చేసిన సకినాలు, మురుకులు తడి తగలకుండా ఉంచితే రెండు వారాలకు పైగా నిలువ ఉంటాయి. బియ్యప్పిండితో బిళ్లలుగా చేసి వేయించేవాటిని కోస్తావారు చెక్కలని, తెలంగాణవారు అప్పాలని, రాయలసీమవారు నిప్పట్లని అంటారు. సికింద్రాబాదులో ఒకే వీధిలో ఈ మూడు పేర్లూ వినవచ్చు. పిల్లల చేతికి అందకుండా ఒక డబ్బాను అటక మీద దాచి ఉంచటం అనేక ఇళ్లలో ఉన్న పద్ధతి. అది చుట్టాలు వచ్చిన రోజే దిగుతుంది.

ఇంట్లో ఏమీ లేనపుడు పెరటి గోడ మీదుగా పక్కింటివారిని గిన్నెడు పంచదారో, పాలో అడిగి తెచ్చుకోవటాన్ని చేబదులు అంటారు. తీసుకున్న గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకపోవటం మర్యాద. తమిళుల కారప్పూస తెలుగువారింటికి, తెలుగువారి పచ్చడి గుజరాతీలింటికి చేరటంలో ఈ గిన్నెల రాకపోకలకు కొంత పాత్ర ఉన్నది.

వీధి చివరి ఇరానీ హోటలు మరొక ఆసరా. పందొమ్మిదవ శతాబ్దపు చివర, ఇరవయ్యవ శతాబ్దపు మొదటి దశాబ్దాలలో ఇరాన్ నుండి బొంబాయి, పూనాల మీదుగా వచ్చినవారు జంటనగరాలలో ఈ హోటళ్లు తెరిచారు. సికింద్రాబాదు స్టేషను ఎదుట ఉన్న ఆల్ఫా హోటలు వీటిలో పేరున్నది. ఇప్పుడు బిర్యానీకి ప్రసిద్ధమైన ప్యారడైజ్ కూడా 1953లో అదే పేరు గల సినిమాహాలు ఆవరణలో చిన్న కెఫేగానే మొదలైనది. అతిథులు కూర్చోగానే ఇంట్లోని పిల్లవానిని వెనుక గుమ్మం గుండా పంపి ఉస్మానియా బిస్కెట్లు, ఖారా బిస్కెట్లు, చిన్న ఉల్లి సమోసాలు తెప్పించటం ఇక్కడ మామూలు. తీపి, ఉప్పు కలిసి ఉండే ఉస్మానియా బిస్కెట్టుకు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. వెనుక గుమ్మం గుండానే ఎందుకంటే, తమకోసం బజారు నుండి తెప్పించారని తెలిస్తే వచ్చినవారు మొహమాటపడతారు.

వడ్డించటంలో గమనించవలసినవి

పెట్టటానికి ముందు అడగటం అమర్యాద అని కొందరు భావిస్తారు. కానీ మధుమేహం ఉన్నవారికి మర్యాద పేరిట మిఠాయి పెట్టి, వద్దంటే నొచ్చుకోవటం అంతకంటే ఇబ్బందికరం. టీలో పంచదార ఉండవచ్చునా, ఉపవాసం ఏమైనా ఉన్నదా అనే రెండు ప్రశ్నలు అడగటం మంచిది. రంజాన్ మాసంలో పగటివేళ వచ్చిన ముస్లిం మిత్రునికి మంచినీళ్లు కూడా ఇవ్వబోరు. సూర్యాస్తమయం దాకా ఉంటే ఖర్జూరం, పండ్ల ముక్కలు, పకోడీ సిద్ధం చేస్తారు. పల్లీలు కొందరికి పడవు. నాలుగైదేళ్లలోపు పిల్లలకు పల్లీలు, పుట్నాలు గింజలుగా ఇస్తే గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉన్నది గనుక చుడువా, మరమరాల మసాలా వంటివి వారికి అందనీయరాదు. ఇంటికి వచ్చిన ముత్తైదువకు బొట్టు పెట్టి, పండు, తాంబూలం ఇచ్చి పంపటం హిందూ కుటుంబాలలో అల్పాహారంతో సంబంధం లేకుండా జరిగే ఆచారం.

ఈ వంటలలో అసలు ప్రమాదం నూనె మూకుడుతో వస్తుంది. వంట చేసేవారు మాటిమాటికీ వీధి గదిలోకి వెళ్లి మాట్లాడి వస్తుంటారు, ఆ సందులో నూనె పొగలు కక్కుతుంది. నూనెకు మంట అంటుకుంటే నీళ్లు పోయరాదు. నీరు అడుగుకు చేరి ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న నూనెను చుట్టూ చిమ్ముతుంది. పొయ్యి ఆర్పి, మూకుడు మీద బోర్లా పళ్లెం మూసి, చల్లారేవరకు కదపకుండా ఉంచాలి. అతిథుల పిల్లలు కొత్త ఇంట్లో వంటింటి వైపు పరుగెత్తుతారు కాబట్టి మూకుడు పిడి బయటకు చాచి ఉండరాదు.

మిగిలిన నూనెను వడకట్టి ఒకటి రెండుసార్లు పోపులకు వాడుకోవచ్చు. రంగు ముదిరి, చిక్కబడి, త్వరగా పొగలు వచ్చే నూనెను పారవేయాలి. పదేపదే కాచిన నూనెలో పోలార్ సమ్మేళనాలు పెరుగుతాయి. ఇవి 25 శాతం మించిన నూనెను వంటకు వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పెట్టిన నిబంధన 2018 జూలై 1 నుండి అమలులోకి వచ్చినది. ఇంట్లో ఈ శాతాన్ని కొలిచే వీలు లేదు, రంగు, వాసన, పొగలే గుర్తులు.